మనిషికో కొబ్బరికాయ

భావనపాడు,
28 జూలై 2015

మావయ్యకి కుసుమకుమారి నమస్కారాలు.

ఇక్కడ మనుషులం బాగానే ఉన్నాం, కంప్యూటరుకే ఒంట్లో బాగాలేదు. నీకు చెవులు వినపడితే ఫోన్లోనే ఏడ్చేదాన్ని. మధ్యలో అత్తయ్యని నిలబెట్టి లెడ్జర్ల గొడవ చెప్పించడం నా వల్ల కాదు. అందుకని కాగితం తీశాను. ఈ మెషిన్ పని ముగిసేదాకా నాకు వేరే పని ఎలాగూ లేదు.

ముప్ఫై ఏళ్లు నువ్వు గుమస్తాగా కూర్చున్న కుర్చీలోనే నన్ను కూర్చోబెట్టావు. కుర్చీ బాగుంది. బాధంతా పోస్టింగుతోనే. రోజంతా ఎక్కించిన వోచర్లన్నీ ఒక బ్యాచ్‌గా కట్టి సాయంత్రం లెడ్జరులోకి తోయాలి. మూడు గంటలకి బటన్ నొక్కితే ఏడున్నర దాకా ఆ నీలం గీత పాకుతూనే ఉంటుంది. టెక్కలి ఆఖరి బస్సు ఆరుంపావుకి. వారంలో నాలుగు రోజులు చేపల ఆటోలో, మంచు పెట్టెల పక్కన కూర్చుని ఇల్లు చేరుతున్నాను. అమ్మ నన్ను గుమ్మంలోనే ఆపి, ముందు స్నానానికి పొమ్మంటోంది.

శ్రీకాకుళం నుంచి సాఫ్ట్‌వేర్ ఈశ్వర్ గారు రెండుసార్లు వచ్చారు. మెమరీ పెంచారు. యాంటీవైరస్ మా ఫైళ్లని ప్రతిసారీ తడమకుండా ఆపారు. ఇండెక్సులు మళ్లీ కట్టారు, పేరుకుపోయిన లాగ్ ఫైలు తీసేశారు. ఇంత చేస్తే తగ్గింది ఇరవై నిమిషాలు. చివరికి వోచర్లు తెరిచి చూసి, "మేడమ్, మీది చేపల కంపెనీయా, కొబ్బరికాయల కంపెనీయా?" అని నవ్వారు.

నిజమే కదా మావయ్యా. డీజిలూ మంచూ బోటుకొక పద్దు. బియ్యం, చింతపండు కూడా బోటుకొక పద్దే. కొబ్బరికాయ మాత్రం మనిషికొక పద్దు! వేటకి వెళ్లే ప్రతివాడూ గంగమ్మకి కొట్టడానికి స్టోరులో తన కాయ తనే తీసుకుంటాడనీ, ఒకరి కాయ ఇంకొకరు ముట్టుకోరనీ నాకూ తెలుసు. అయితే మాత్రం, కంపెనీ ఊరికే ఇచ్చే పన్నెండు రూపాయల కాయకి మనిషి పేరున, బోటు నంబరుతో విడి వోచరు ఎందుకు? రోజుకి నూట యాభై. రెండేళ్లకి ఎనభై వేలు దాటాయి. ఒక్కొక్కటి తోసినప్పుడల్లా ఈ మెషిన్ ఆ మనిషి ఖాతా మొదటి నుంచీ కూడుకుంటూ వస్తోంది.

ఇది నువ్వు పెట్టిన పద్ధతేనని స్టోరు నరసింగరావు గారు చెప్పారు. రోజు మొత్తానికి 'కొబ్బరికాయలు 150' అని ఒక్క పద్దు వేసేస్తే పోదా? ఎందుకు కూడదో రాయి.

నీ మేనకోడలు,
కుసుమ


రామతీర్థం,
4 ఆగస్టు 2015

చి. కుసుమకి మావయ్య దీవెనలు.

నీ ఉత్తరం మీ అత్తయ్య రెండుసార్లు చదివించుకుంది. ఒంటికి చేపల వాసన పట్టిందంటే పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు వీధిలోంచే వెళ్లిపోతారని బెంగపడింది. నేనైతే మంచి జీతం ఉన్న అమ్మాయిని ముక్కు మూసుకుని అయినా చేసుకుంటారన్నాను. ఇక్కడ కొండ కింద పూజాసామాను కొట్టులో పొద్దున రెండు గంటలు లెక్కలు రాస్తున్నాను. చెవులు పోయాక బేరాల గోల లేదు, హాయిగా ఉంది.

నీ మెషిన్ సంగతి నాకేం తెలుస్తుంది గానీ పని సంగతి తెలుసు. అంతా సాయంత్రం దాకా పోగెయ్యకు. బోట్లు పొద్దున్నే వెళ్లిపోతాయి కాబట్టి కాయల పద్దులు పదకొండుకే తోసెయ్యి. మిగతావి మూడింటికి. సగం బరువు తగ్గుతుంది.

కొబ్బరికాయ పద్దు మాత్రం కదపకు. ఎందుకని అడగకు, ఉండనీ. నేను పెట్టాను, నేనే చెప్తున్నాను. నరసింగరావుని అడిగానని చెప్పు.

మీ మావయ్య,
నారాయణమూర్తి


భావనపాడు,
2 సెప్టెంబరు 2015

మావయ్యకి,

నువ్వు చెప్పినట్టే రెండు భాగాలు చేశాను. వారం రోజులు బాగానే నడిచింది. తర్వాత తెలిసింది, పొద్దున మెషిన్ కాయలు తోస్తూ ఉంటే నేను మర్నాటి డీజిలు బిల్లు కొట్టలేను. మొన్న కిటికీ అవతల పాతికమంది నిలబడి నన్ను తిట్టారు. అందరూ మంచివాళ్లే, తిట్లు మాత్రం చాలా బాగా వచ్చు.

సూర్యారావు గారు కూడా వచ్చి నా వెనక నిలబడ్డారు. వాళ్ల నాన్న ధనరాజు గారు కంపెనీ నడిపిన రోజుల్లో నీతో ఎలా ఉండేవారో తెలియదు గానీ ఈయన గొంతు పెంచరు, అదే భయం. "ఏటమ్మా కుసుమా, ఈ మెషిను పని సేత్తందా, కునుకు తీత్తందా? నెలాఖరు లెక్క అయిదో తారీకుకి కూడా నా బల్ల మీదకి రాకపోతే ఇంకెందుకు? విశాఖలో మనుషులున్నారు, తెచ్చీమంటే తెచ్చీస్తాను" అన్నారు. నాకు ఈ ఉద్యోగం కావాలి మావయ్యా. అమ్మ మోకాళ్ల వైద్యం నువ్వెరగనిది కాదు.

ఈశ్వర్ గారు ఒక దారి చూపించారు. సాఫ్ట్‌వేర్‌లో 'కలిపి పోస్ట్ చెయ్యి' అని ఒక సెట్టింగు ఉంది. రోజుకీ ఖాతాకీ ఒకే వరస పడుతుంది. అయితే విడి వివరం ఇక ఉండదు, తర్వాత కావాలన్నా రాదు అన్నారు. నేను ఇంకా ముట్టుకోలేదు.

ఒక సంగతి చెప్పాలి. గేటు దగ్గర ఎండుచేపలమ్మే గౌరి ఉంది. ఆమె భర్త రాముడు ఏ బోటుకి అదనంగా ఒక చెయ్యి కావలిస్తే ఆ బోటెక్కుతాడు. ఏ బోటు జాబితాలోనూ పేరు లేదు, వేట కార్డు కూడా లేదు. "ఆయన పేరు నీ కంప్యూటర్లో ఉన్నాదంట గదా, సూపించమ్మా" అంటే చూపించాను. రెండేళ్లలో రెండొందల పన్నెండు కాయలు. "అన్ని కాయలు కొట్టినాడా! నాకొక్క సిప్పయినా తేనేదు సూడు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకే ఈ పద్దు చెరపబుద్ధి కాలేదు. కానీ నవ్వుల కోసం రోజుకి నాలుగున్నర గంటలు కూర్చోలేను కదా.

కారణం ఒకటి చెప్పు. చెప్తే ఆగుతాను.

కుసుమ


రామతీర్థం,
15 సెప్టెంబరు 2015

కుసుమకి,

కారణం చెప్తే ఆగుతానంటావా? అంటే మావయ్య మాట చాలదన్నమాట. సరే, విను.

అది గంగమ్మ మొక్కు. ఒక ఏడాది వేట సరిగ్గా సాగక ధనరాజు గారు మొక్కుకున్నారు, తన బోటెక్కే ప్రతి మనిషి కాయనీ ఆ మనిషి పేరునే రాయిస్తానని. కూడి రాయకూడదు, ఒకరి పేరు మీద ఇంకొకరిది రాయకూడదు. పెద్దాయన పోయినా మొక్కు పోదు. ఈ మాట సూర్యారావుకి గుర్తు చెయ్యి.

మెషిన్ నెమ్మదిగా నడిస్తే నడవనీ. కావాలంటే కొత్త మెషిన్ కొనమను. నీకు బస్సు తప్పితే ఆ పూట నరసింగరావు ఇంట్లో ఉండు, వాళ్లావిడ మంచిది. ఇంకెప్పుడూ నన్ను ఈ విషయం అడగొద్దు.

నారాయణమూర్తి


భావనపాడు,
11 అక్టోబరు 2015

మావయ్యకి,

కోపగించుకోకుండా చదువు. ఒకటో తారీకు నుంచి కలిపేశాను.

మొక్కు సంగతి సూర్యారావు గారికి చెప్పాను. నవ్వారు. "కాయ ఇత్తన్నాం కదమ్మా, గంగమ్మ కాయ సూత్తాది గానీ కంప్యూటర్ సూత్తాదేటి?" అన్నారు. ఆ మాట నాకూ సబబే అనిపించింది. ఇప్పటికీ ప్రతివాడి చేతిలోనూ వాడి కాయ పెడుతున్నాం. రాసేటప్పుడు మాత్రం రోజుకి ఒక వరస. నరసింగరావు గారికి చీటీలు రాసే బాధ పోయింది. పలక మీద గీతలు గీసుకుని సాయంత్రం మొత్తం ఎన్నో చెప్తారు, నేను ఎక్కిస్తాను, ఆయన పలక తుడిచేస్తారు.

ఎంతసేపు పడుతోందో తెలుసా? పదకొండు నిమిషాలు! మొదటి రోజు ఏదో తప్పు జరిగిందనుకుని రెండుసార్లు సరిచూసుకున్నాను. అన్నీ పైసాతో సహా కుదిరాయి. ఆరుంపావు బస్సులో కిటికీ పక్క సీటు దొరుకుతోంది. జీతం ఎనిమిదొందలు పెంచారు. నీకు రాయడానికే ఇప్పుడు తీరిక దొరకడం లేదు, ఈ ఉత్తరం ఆదివారం కూర్చుని ఆఫీసులోనే రాస్తున్నాను.

ఒక్కటే చిన్న మాట. నిన్న సూర్యారావు గారు వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "అయితే ఏ రోజున ఎవుడు ఏ బోటెక్కినాడో ఇప్పుడీ మెషిను సెప్పనేదు కదా?" అని అడిగారు. చెప్పలేదన్నాను. "బాగున్నాది" అని నవ్వి వెళ్లిపోయారు. ఎందుకడిగారో తెలియదు. అప్పటి నుంచీ ఆ నవ్వే గుర్తొస్తోంది.

అత్తయ్యకి నమస్కారాలు.

కుసుమ


రామతీర్థం,
17 అక్టోబరు 2015

కుసుమా,

ఈ ఉత్తరం అందిన రోజే ఆ సెట్టింగు వెనక్కి తిప్పు. నరసింగరావు చేత మళ్లీ చీటీలు రాయించు. మెషిన్ ఒప్పుకోకపోతే ఒక నోటుపుస్తకంలో చేత్తో అయినా రాయి. పేరూ బోటూ తేదీ, ఈ మూడూ చాలు.

సూర్యారావు ఆ మాట నవ్వుతూ అడిగాడా? వాళ్ల నాన్న కూడా నవ్వుతూనే అడిగేవాడు.

నేను చెప్పవలసింది ఉంది. కాగితం మీద పెట్టలేను. రెండుసార్లు రాసి చింపేశాను. కార్తీక పౌర్ణమికి ఇక్కడికి రా, కొండ మీద ఎవరూ లేని చోట కూర్చుని చెప్తాను. అందాకా నా మాట విను తల్లీ.

నారాయణమూర్తి


భావనపాడు,
21 నవంబరు 2015

మావయ్యా,

నేను సెట్టింగు తిప్పలేదు. నోటుపుస్తకమూ పెట్టలేదు. ముందు ఈ మాట చెప్పేసి మిగతాది రాస్తాను.

పద్నాలుగో తారీకు శనివారం పొద్దున ఇరవై తొమ్మిది బోట్లు వెళ్లాయి. సాయంత్రానికి గాలి తిరిగింది. వాయుగుండం ఇంత త్వరగా వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఇరవై ఎనిమిది బోట్లు ఆదివారానికి పడుతూ లేస్తూ ఒడ్డు చేరాయి. పదిహేడో నంబరు రాలేదు. బుధవారం ఇక్కడికి ఉత్తరాన దాని ముక్కలూ రెండు శవాలూ దొరికాయి. బోటు నడిపిన జగన్నాధం ఒకడు, ఇంకొకడు అతని తమ్ముడు. మిగిలినవాళ్ల మీద ఆశ ఎవరికీ లేదు.

ఎంతమంది వెళ్లారన్నది ఇప్పుడు గొడవ. కంపెనీ జాబితాలో అయిదుగురు. గౌరి గేటు దగ్గర నిలబడి, "మా ఆయన ఎక్కినాడు, ఒడ్డు మీద నిలబడి నా కల్లతో సూసినాను" అని అరుస్తోంది. సూర్యారావు గారు ఆమెతో చాలా మెత్తగా, "ఎల్నేదమ్మా. ఎక్కడికో పోయుంటాడు, ఒచ్చీస్తాడు" అంటున్నారు. రోజూ ఇదే. నరసింగరావు గారిని అడిగితే, "నూట యాభై మందికి ఇచ్చినోణ్ణి, నాకేటి గుర్తుంటాది" అని గోడ వైపు చూశారు.

గౌరి నా కిటికీ దగ్గరకి వచ్చి, "నీ కంప్యూటర్లో ఉంతాది గదమ్మా, సూసి సెప్పు" అంది. చూశాను. '14 నవంబరు, కొబ్బరికాయలు 148' అని ఒకే ఒక్క వరస. తెరుచుకుంటుందేమోనని దాని మీద మళ్లీ మళ్లీ నొక్కాను మావయ్యా. సెప్టెంబరు దాకా అయితే ఒక్క బటన్ నొక్కితే పేరొచ్చేది.

అప్పుడు ఒకటి తట్టింది. ఇరవై తొమ్మిది బోట్ల జాబితాలు తీసి కూడాను. నూట నలభై ఏడు. స్టోరులోంచి పోయిన కాయలు నూట నలభై ఎనిమిది. జాబితా తప్పేమోనని రెండు రోజులు ఇసకలో తిరిగి, తిరిగొచ్చిన బోట్లలో ప్రతివాణ్ణీ అడిగాను, ఆ రోజు నువ్వెళ్లావా, కాయ తీసుకున్నావా అని. నూట నలభై రెండు మంది అవునన్నారు. పోయిన అయిదుగురితో నూట నలభై ఏడు. ఆ మిగిలిన కాయ రాముడిది. ఇంకెవరిదీ కావడానికి లేదు.

ఎగురుకుంటూ వెళ్లి సూర్యారావు గారికే చెప్పాను చూడు, నా అంత తెలివితక్కువది ఉంటుందా? ఆయన కాగితం పూర్తిగా చదివారు. కుర్చీ చూపించి కూర్చోమన్నారు. "ఒక కాయ కుల్లిపోనాదని వోచరు కొట్టీ" అన్నారు. ఎందుకన్నాను. "ఆ బోటుకి లైసెన్సు అయిదుగురికే. ఆరోవోడున్నాడంటే బీమావోడు మొత్తం కొట్టీస్తాడు. ఒక్క రాముడి కోసం అయిదిళ్ల నోట్లో మట్టి కొడతావేటి? జగన్నాధం పెళ్లాం కాడికెళ్లి ఆ మాట నువ్వే సెప్పు, సూద్దాం" అన్నారు. శుక్రవారం బీమా మనిషి వస్తాడు. గురువారం సాయంత్రానికి ఆ వోచరు లెడ్జరులో ఉండాలట. పన్నెండు రూపాయల వోచరు.

నువ్వు చెప్పలేదేం మావయ్యా? ఏమిటో ఉందని నాకు తెలుస్తూనే ఉంది. ఇప్పుడైనా చెప్పు. నన్ను ఏం చెయ్యమంటావు?

కుసుమ


రామతీర్థం,
24 నవంబరు 2015

కుసుమా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. వోచరు ముట్టుకోవద్దని మీ అత్తయ్య చేత ఫోన్ చేయిస్తున్నాను. ఎందుకన్నది ఆమె నోట చెప్పించలేను. ఆమెకీ తెలియదు.

మొక్కు అబద్ధం. ధనరాజు గారు ఏ మొక్కూ మొక్కలేదు.

1996లో ఒక బోటు పోయింది. అప్పుడు చేతిపుస్తకాలే. బోట్లకిచ్చే సరుకుల రేషను పుస్తకంలో ఆ రోజు పేజీలో నేను ఆరు పేర్లు రాశాను. ఆరోవాడు జగ్గమ్మ అనే ఆవిడ భర్త, జాబితాలో లేనివాడు. ధనరాజు గారు నన్ను పిలిచి, నవ్వుతూ, "మూర్తీ, ఆ పేజీ సిరా ఒలికినట్టున్నాది, తిరగరాసీ" అన్నారు. సిరా ఒలకలేదు. నేను తిరగరాశాను. అయిదు పేర్లతో. ఇవే మాటలు చెప్పారు నాకూ, అయిదిళ్లు, అయిదిళ్ల నోట్లో మట్టి అని. నమ్మాను. నమ్మడం తేలిక కదా, జీతం ఇచ్చేవాడు చెప్పినప్పుడు.

జగ్గమ్మ మొగుడు పారాదీపులో ఎవర్తెనో ఉంచుకున్నాడని ఊరు అంది. ఆవిడ మూడుసార్లు పారాదీపు వెళ్లి వెతికింది. పింఛను రాలేదు, భర్త పోయినట్టు కాగితం లేదు కనుక. పండక్కి ఇంటికి రానివ్వాలో వద్దో చుట్టాలకి తెలియలేదు. కంపెనీ గేటు ముందు నుంచి వెళ్తూ నాకు దణ్ణం పెట్టేది, గుమస్తా బాబని. అలా పదమూడేళ్లు పెట్టించుకున్నాను. ఆరేళ్ల కిందట బొట్టుతోనే పోయింది.

పేజీ తిరగరాసిన మరుసటి ఏడు నాకు నిద్ర పట్టడం మానేసింది. ధనరాజు గారు కోర్టుకి భయపడరు, గంగమ్మకి భయపడతారు. కలలో గంగమ్మ కనపడి, ఎవరి కాయ వాళ్ల పేరున రాయించమందని ఆయనకి అబద్ధం చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు. ఆ రోజు నుంచి ఏ మనిషి ఏ బోటెక్కాడో ఆ కాయ పద్దు చెప్పేది. 2003లో ఇంకో బోటు పోయినప్పుడు జాబితాలో లేని ఇద్దరి ఇళ్లకీ ఆ పద్దు చూపించే సొమ్ము ఇప్పించాను. నా పాపం తీరిందనుకున్నాను. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండానే తీరిందనుకున్నాను.

నీకూ మొక్కని అబద్ధమే రాశాను. నువ్వు నన్ను పెద్దవాణ్ణని చూస్తావు. ఆ చూపు పోతుందని భయం. జూలైలోనే నాలుగు వాక్యాలు రాసి ఉంటే నువ్వు ఆ సెట్టింగు జోలికి వెళ్లేదానివి కాదు. రాముడి పేరు ఈ రోజు పుస్తకంలో ఉండేది. ఇది నీ తప్పు కాదు. నాదే.

వోచరు ఎక్కించకు. ఉద్యోగం పోతే పోనీ. నేను వచ్చి ఎవరి ముందైనా చెప్తాను, 1996 సంగతితో సహా.

మావయ్య


టెక్కలి,
6 డిసెంబరు 2015

మావయ్యకి,

నీ ఉత్తరం శనివారం వచ్చింది. నేను గురువారమే ఎక్కించాను.

అత్తయ్య ఫోన్ చేసి, "మీ మావయ్య వద్దంటున్నాడే" అంది. ఎందుకత్తయ్యా అంటే తెలియదంది. నాలుగు నెలలుగా వింటున్న మాటే. అవతల సూర్యారావు గారు జగన్నాధం భార్యని తీసుకొచ్చి నా ఎదురుగా కూర్చోబెట్టారు. ఆవిడ ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. 'కుళ్లిన కాయ 1' అని కొట్టాను. బ్యాచ్‌లో ఆ ఒక్క వోచరే. రెండు సెకన్లు కూడా పట్టలేదు. శుక్రవారం బీమా మనిషి ప్రింటు తీసుకుని వెళ్లాడు.

నీ మీద చాలా కోపంగా ఉంది. నా మీద కూడా. జగ్గమ్మ సంగతి చదివాక శనివారం అన్నం తినలేదు, అమ్మ నాకు జ్వరమనుకుంది.

సోమవారం వెళ్లి పోస్టయిన వోచరు చెరపబోయాను. చెరపడం కుదరదు, ఎదురు వోచరు వేయాలి. వేశాను. కుళ్లిన కాయ వెనక్కి తీసుకుని, దాని కింద కొత్త పద్దు రాశాను: '14 నవంబరు, బోటు 17, రాముడు, కొబ్బరికాయ 1.' ప్రింట్లు తీసి, నా లెక్క కాగితం జతచేసి, ఒకటి బీమా ఆఫీసుకి రిజిస్టరు పోస్టులో పంపాను. ఒకటి సూర్యారావు గారి బల్ల మీద పెట్టాను. ఆయన అప్పుడూ గొంతు పెంచలేదు. "ఇంటికెల్లి మీయమ్మని బాగా సూసుకో" అన్నారు. ఆ మాట ఎలా తీసుకోవాలో నాకు ఇంకా తెలియడం లేదు. రాత్రుళ్లు తలుపు గడియ రెండుసార్లు చూసుకుంటున్నాను.

తిరిగొచ్చిన నూట నలభై రెండు మందిలో ఇరవై ఆరుగురే నా కాగితం మీద వేలిముద్ర వేశారు. మిగతావాళ్లు అప్పుడు చెప్పినదే ఇప్పుడు చెప్పలేదంటున్నారు. ఆ అయిదిళ్లవాళ్లూ నన్ను చూసి తలుపులు వేసుకుంటున్నారు. జగన్నాధం తల్లి నా ముందు ఉమ్మింది. బీమావాళ్లు వాళ్లకి ఇస్తారో లేదో నిజంగా తెలియదు మావయ్యా. నువ్వు వచ్చి చెప్తే కొంత నయం కావచ్చు. రా. నీ కోసం కాదు, వాళ్ల కోసం రా.

మత్స్యశాఖ ఆఫీసులో అడిగాను. భర్త పోయాడని రాసిన దరఖాస్తు మీద భార్య వేలిముద్ర ఉంటే తీసుకుని విచారణ మొదలుపెడతామన్నారు. బుధవారం ఆ కాగితాలు పట్టుకుని గౌరి ఇంటికి వెళ్లాను.

ఎంతో గెలిచినదానిలా వెళ్లాను. ఆమెకి చదువు రాదు కనుక నేనే చదివి వినిపించాను. తేదీ, బోటు నంబరు, రాముడు, కాయ ఒకటి. గౌరి మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. వాకిట్లో చీరేస్తున్న చేపని పక్కన పెట్టి చేతులు కడుక్కుంది.

"అయితే ఎల్నాడన్నమాట" అంది.

నాకు అర్థం కాలేదు. "నువ్వే కదా గౌరీ చెప్పావు, నీ కళ్లతో చూశానని" అన్నాను.

"సెప్పినానమ్మా. సూసినాను. అయినా ఆ బాబు రోజూ ఎల్నేదు, ఎల్నేదు అని అంత గట్టిగా అంతంటే, పెద్దోడు, ఆయనకే తెలుసేమో అనుకున్నాను. నాను సూసింది ఇంకెవుడినోనేమో, ఈయన కోపమొచ్చి యే ఇశాపట్నమో ఎలిపోనాడేమో అనుకున్నాను. పొద్దుగూకితే రెండు కంచాలు యెడతన్నాను."

దరఖాస్తు ఆమె ముందుకి జరిపాను. ఇంకు పెట్టె తెరిచి ఉంది. ఆమె బొటనవేలి వైపు చూసుకుంది, తడి కొంగుకి తుడుచుకుంది. వేస్తుందనుకున్నాను.

"ఆ కాయితం ఈ రోజుకి నీ కాడే ఉంచమ్మా" అంది. "రేపు నానే ఒచ్చి ఏస్తాను."

అది నాలుగు రోజుల కిందటి మాట. కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. రమ్మని కబురు పంపాలో, ఊరుకోవాలో నాకు తెలియడం లేదు.

కుసుమ